అత్తగారి వంటిల్లు, కోడలి రంగులు

ప్రశ్న: నాకు ముప్పై ఆరేళ్లు. పుట్టింది రాజమండ్రిలో. చదువుకోడానికి ఐర్లాండ్ వచ్చి, ఇక్కడే ఉద్యోగం చూసుకుని, ఇక్కడి అబ్బాయినే పెళ్లి చేసుకున్నాను. ఐదేళ్ల పాప ఉంది. ఏడాదిన్నర కిందట మామగారు పోయారు. అత్తగారికి డెబ్బై ఆరేళ్లు. ఒక్కరూ ఉండలేకపోతున్నారని మేమే కార్క్ కౌంటీలోని వాళ్ల పాత రాతి ఇంటికి మారాం. మొన్న ఏప్రిల్‌లో ఆవిడ ఆ ఇల్లు మా ఆయన పేరున రాసిచ్చారు.

వంటింట్లో గోడల నిండా పాత పూల వాల్‌పేపర్. ఒక గోడంతా పింగాణీ పళ్లేలు పేర్చిన డ్రెస్సర్, అంటే అరల బీరువా. పోపు వేస్తే ఇల్లంతా పొగ. దేవుడి దీపం పెట్టుకోడానికి చోటు లేదు. మూడు వారాల్లో అంతా మార్చేద్దామని రంగుల నమూనాలు తెచ్చి గోడకి అంటించాను. అత్తగారు చూసి, 'ఇల్లు ఇప్పుడు మీదే కదా' అన్నారు. ఆ రోజు నుంచి రొట్టె చేయడం మానేశారు. అంతకుముందు వారానికి మూడుసార్లు సోడా బ్రెడ్ చేసేవారు. అంతకు ముందు వారమే నేను కొలతలు గ్రాముల్లో చెప్పమనీ, వీడియో తీసుకుంటాననీ అడిగాను. 'అందులో ఏముంది, మామూలు రొట్టే కదా' అని తప్పించుకున్నారు. ఆడపడుచు ఫోన్ చేసి, 'ఆ కాగితం మన ఇంటికి స్టేషన్స్ వచ్చిన ఏడాది నాన్న, అమ్మ కలిసి అంటించింది. అమ్మని ఆ ఇంట్లోంచి తుడిచేస్తున్నావు' అంది. మా ఆయన 'మీరూ మీరూ చూసుకోండి' అంటారు. మా అమ్మేమో 'నీ ఇల్లు, నీ ఇష్టం' అంటుంది. అక్టోబరు రెండో వారంలో పనివాళ్లు వస్తారు. ఆపేయాలా? ఆవిడతో ముందు ఏ మాట అనాలి?

జవాబు: మీ అత్తగారి మాటని తెలుగులోకి తెచ్చుకుని ఒకసారి వినండి. మన ఇళ్లలో పెద్దావిడ గుమ్మం దగ్గర నిలబడి 'మీ ఇష్టం, ఇల్లు మీదే కదా' అంటే అది అనుమతి అని మనలో ఎవరైనా అనుకుంటామా? ఆ మాటలో ఎంత దూరం ఉందో చిన్నప్పటి నుంచీ విని పెరిగాం కాబట్టి తెలుసు. ఐర్లాండ్ పల్లెల్లో పెద్దవాళ్లు కూడా వద్దు అనే మాట ముఖం మీద చెప్పరు. ఊరుకుంటారు, మాట మారుస్తారు. మీ అత్తగారు చేతిలో పని ఆపేశారు.

పైగా ఆ మాట వట్టి మాట కూడా కాదు. ఏప్రిల్‌లో సంతకం పెట్టారు. ఇల్లు రాసిచ్చిన ఆర్నెల్లకే గోడల రంగు మారడం మొదలైతే ఆ తల్లి మనసులో ఏం మెదులుతుందో మనకి ఒకరు చెప్పక్కర్లేదు. ఆస్తి పిల్లల పేర రాసిన మర్నాటి నుంచి సొంత ఇంట్లోనే చుట్టాల్లా ఒదిగి కూచునే పెద్దవాళ్లు మన ఊళ్లలో ఎంతమంది లేరు! మీకు ఆ ఉద్దేశం లేదని మీ ఉత్తరంలో ప్రతి వాక్యమూ చెబుతోంది. కానీ ఆ సంగతి ఆవిడకి చెప్పినవాళ్లు ఎవరూ లేరు.

ఇక్కడ మీవారిని ఒక పని చేయమనండి. ఐర్లాండ్‌లో తల్లిదండ్రులు ఇల్లు రాసిచ్చేటప్పుడు, తాము బతికున్నంతకాలం ఆ ఇంట్లో ఉండే హక్కుని పత్రంలో రాయించుకోవడం మామూలే. ఆ మాట మీ పత్రంలో ఉందో లేదో పత్రం రాసిన లాయర్‌ని, అక్కడి మాటలో సొలిసిటర్‌ని, అడిగి కనుక్కోవాలి. లేకపోతే రాయించాలి. ఉంటే కొడుకు తల్లి పక్కన కూచుని ఆ వాక్యం చదివి వినిపించాలి. ఇది కోడలు చేయాల్సిన పని కాదు. అలాగే ఆడపడుచుతో మాట్లాడవలసింది కూడా ఆయనే, అన్నదమ్ముడిగా. 'మీరూ మీరూ చూసుకోండి' అని పక్కకి తప్పుకున్న మగవాళ్ల వల్ల అత్తాకోడళ్ల మధ్య పడిన గోడలు నేను చాలా చూశాను. ఆయన కూడా తండ్రిని పోగొట్టుకున్నారు. ఆ వంటింటి గురించి మాట్లాడితే తండ్రి గుర్తొస్తాడని తప్పించుకుంటున్నారేమో, మెల్లగా అడిగి చూడండి.

ఇక ఆ వాల్‌పేపర్. స్టేషన్స్ అంటే ఏమిటో మీవారు మీకు చెప్పారో లేదో. కాథలిక్కుల పూజల మీద ఆంక్షలున్న రోజుల్లో చర్చిలో కాకుండా ఇళ్లలో మాస్, అంటే ఫాదర్ జరిపే ప్రార్థన, జరుపుకునేవారు. తర్వాత ఆంక్షలు పోయినా, వంతులవారీగా ఒక్కో ఇంటికి ఫాదర్ రావడం, ఊరంతా ఆ ఇంట్లో చేరి మాస్ తర్వాత ఫలహారాలు చేయడం ఆచారంగా నిలిచింది. కార్క్, కెర్రీ లాంటి చోట్ల ఇప్పటికీ ఉంది. తమ వంతు వచ్చిందంటే ఇంటికి సున్నాలు, రంగులు, కొత్త కాగితం. మన ఇళ్లలో సంక్రాంతికీ పెళ్లికీ వెల్ల వేయించినట్టు. నాలుగు ఇళ్లవాళ్లు వచ్చి చూసి మెచ్చుకోవాలని మొగుడూ పెళ్లాం పనులయ్యాక రాత్రిళ్లు జిగురు రాసి అంటించిన కాగితం అది. మీ కంటికి పాత పూలు. ఆవిడ కంటికి నిచ్చెన మీద ఆయన, కింద కాగితం పట్టుకుని తను.

అందుకని ఆ కాగితాన్ని జన్మంతా అలాగే ఉంచమని నేను చెప్పను. మీ కోరికలో తప్పు లేదు. పోపు వాసన మీ బతుకులో భాగం. పొగ బయటికి లాగే ఫ్యాన్, దీపానికి చోటు, మీ చేతికి అందే గట్టు మీకు కావాలి. ఇవి వదిలేసుకుని 'పోనీలే' అని సర్దుకుంటే రెండేళ్లకి ఆ ఇంటి మీదే మీకు విరక్తి పుడుతుంది. పని జరగాలి. అక్టోబరులో మాత్రం వద్దు.

అక్టోబరు ఆ వంటింటికి ఎలాంటి నెలో చూడండి. నెలాఖరున హాలోవీన్‌కి బార్మ్‌బ్రాక్ చేస్తారు. టీలో నానిన ఎండుద్రాక్షతో చేసే ఆ రొట్టెలో ఉంగరం దాచిపెడతారు. ఎవరి ముక్కలో వస్తే వాళ్లకి పెళ్లి. పూర్వం ఉంగరంతో పాటు నాణెం, గుడ్డపీలిక, పుల్ల కూడా పెట్టి ఏడాది జాతకం చూసుకునేవారు. దాని వెనకే క్రిస్మస్ కేక్. ఎండు పళ్లు రాత్రంతా విస్కీలో నానబెట్టి, సన్న సెగ మీద గంటల తరబడి కాల్చి, క్రిస్మస్ దాకా అప్పుడప్పుడూ చెంచాడు విస్కీ పోస్తూ దాస్తారు. ఏడాది మొత్తంలో పొయ్యి ఆగకూడని రోజులు ఏవైనా ఉన్నాయంటే అవే. సరిగ్గా ఆ రోజుల్లో మీరు ఓవెన్ పీకబోతున్నారు. ఆవకాయ పెట్టే వారంలో వంటింట్లో బండలు తవ్వితే మీ అమ్మగారు ఏమనేవారు?

పనివాళ్లకి ఫోన్ చేసి జనవరి 6 తర్వాతకి మార్చండి. ఆ రోజుని అక్కడ ఐరిష్‌లో 'నల్లిగ్ నా మాన్' అంటారు, ఆడవాళ్ల క్రిస్మస్. పండగంతా చాకిరీ చేసిన ఆడవాళ్లు ఆ రోజు గరిటె ముట్టకుండా కలిసి కూచుంటారు, ఇంటిపని మగవాళ్లు చూస్తారు. ముఖ్యంగా మీ కార్క్, కెర్రీల్లోనే ఈ ఆచారం బాగా నిలబడింది. క్రిస్మస్ అలంకరణలు తీసేసే రోజు కూడా అదే. గోడలు ఖాళీ అయ్యే రోజు అది. కొత్త వంటింటి ప్లాన్ కాగితాలు ఆ పూట మీరిద్దరే బల్ల మీద పరుచుకోండి. టీ మీవారు పెడతారు.

మూడు వారాల్లో అంతా ఒక్కసారిగా అన్న ఆలోచన కూడా మార్చుకోండి. పొయ్యి లేని రోజు రాకుండా ఒక గోడ తర్వాత ఒక గోడ చేయించండి. ఖర్చు కొంచెం పెరుగుతుంది. పెరగనివ్వండి.

పని ఎలా చేయాలన్న దానిలో మీకు ఆవిడ సాయం నిజంగానే అవసరం, మంచి చేసుకోడానికని నేను చెప్పడం లేదు. పాత రాతిగోడ చెమ్మ పీల్చి వదులుతూ బతుకుతుంది. దాని మీద సిమెంటు, ప్లాస్టిక్ లాంటి రంగు దట్టిస్తే చెమ్మ లోపలే ఉండిపోయి బూజు పడుతుంది. సున్నపు పూత, గాలి ఆడే రంగులే దానికి సరి. ఏ గోడ ఏ నెలలో తడుస్తుందో, ఏ మూల గాలి కొడుతుందో ఇన్నేళ్లుగా ఆ ఇంట్లో తిరిగిన మనిషికి తెలిసినంత మేస్త్రీకి తెలియదు. ఇంకో సంగతి, పాప ఉంది కాబట్టి తప్పక చెప్పాలి. అంత పాత ఇళ్ల తలుపులు, కిటికీల మీది అడుగు పొరల రంగుల్లో సీసం ఉండే అవకాశం ఎక్కువ. పొడిగా గీకినా, ఉప్పుకాగితం పెట్టి రుద్దినా ఆ దుమ్ము పిల్లలకి విషం. ముందు పరీక్ష చేయించండి. ఆ పని జరిగే రోజుల్లో పాపనీ నానమ్మనీ ఆడపడుచు ఇంటికి పంపండి. ఆడపడుచుకి కూడా ఈ ఇంటి పనిలో ఒక చెయ్యి వేసినట్టు ఉంటుంది.

కాగితం తీసే రోజు మాత్రం ఆవిడ అక్కడ ఉండాలి. పాత ఇళ్లలో ఒక కాగితం కింద ఇంకోటి, దాని కింద మరోటి బయటపడుతూ ఉంటాయి. అత్తగారి అత్తగారి కాలం నాటిది కనబడినా కనబడుతుంది. ఎవరు ఎప్పుడు అంటించారో ఆవిడ చెబుతుంటే వినండి. మామగారు అంటించిన దాన్నుంచి ఒక మంచి ముక్క జాగ్రత్తగా తీసి డ్రెస్సర్ వెనక పలకకి అంటించండి, పళ్లేల వెనక ఆ పూలు కనబడేలా. డ్రెస్సర్‌ని బయట పెట్టే ఆలోచన ఉంటే మానుకోండి. ఒక్క అర మీ ఇత్తడి కుందులకి అడగండి. ఆవిడ తరం కాథలిక్ వంటిళ్లలో యేసు పటం కింద ఎర్రదీపం రాత్రింబవళ్లు వెలిగేది. వంటింట్లో దీపం ఎందుకని ఆవిడ మిమ్మల్ని అడుగుతారని నేను అనుకోను.

రొట్టె సంగతికి వద్దాం. నాకు ఎక్కువ బాధ కలిగింది అక్కడే, ఎందుకంటే ఆ తప్పు నేనూ చేశాను. మా పెద్దమ్మ అరిసెల పాకం పట్టేది. చిన్న గిన్నెలో నీళ్లు, అందులో బొట్టు పాకం, వేళ్లతో ఉండ కట్టి 'ఇదిగో వచ్చింది' అనేది. ఒక సంక్రాంతికి నేను నోటుపుస్తకం పట్టుకుని 'కిలో బియ్యానికి బెల్లం ఎంత, ఎన్ని నిమిషాలు' అని అడిగాను. ఆవిడ ముఖం చిన్నబోయింది. 'నేను పోయాక చేసుకుంటావా' అంది. నేను ప్రేమతోనే అడిగాను. ఆవిడకి మాత్రం నేను సామాను సర్దుకుంటున్నట్టు అనిపించింది. మీ వీడియో, గ్రాముల లెక్కా మీ అత్తగారికి అలాగే తోచి ఉంటాయి, అదీ మొగుడు పోయిన ఏడాదిన్నరకి, ఇల్లు రాసిచ్చిన ఆర్నెల్లకి.

నిజానికి ఆ రొట్టె కొలతల్లో లేదు. పిండి, ఉప్పు, వంటసోడా, మజ్జిగ, అంతే. ఐర్లాండ్ గోధుమ మెత్తటి రకం, ఈస్ట్ వేసి పొంగించే రొట్టెకి కావలసినంత సాగే గుణం దానిలో తక్కువ. 19వ శతాబ్దంలో వంటసోడా అందుబాటులోకి వచ్చాక, వెన్న తీసిన మజ్జిగలోని పులుపు సోడాతో కలిసి పొంగు తేవడం వాళ్లకి వరమైంది. ఓవెన్ లేని ఇళ్లలో నిప్పు మీద ఇనప గిన్నె పెట్టి, మూత మీద కూడా నిప్పులు పోసి కాల్చేవారు. ఇక చేతి పని ఏమిటంటే, మజ్జిగ పడిన క్షణం నుంచే పొంగు మొదలవుతుంది కాబట్టి చపాతీ పిండిలా మర్దించకూడదు, వేళ్లు విప్పి ఒక్క తిప్పు తిప్పి వెంటనే లోపల పెట్టేయాలి. ఆ రోజు పిండి ఎంత తేమగా ఉందో వేళ్లే చెప్పాలి. పైన కత్తితో లోతుగా శిలువ గీత. లోపలి దేవకన్యలు బయటికి పోవడానికని పిల్లలకి చెబుతారు, మధ్యదాకా సమంగా ఉడుకుతుందన్నది ఎలాగూ ఉంది. అయిందో లేదో అడుగున వేలితో తట్టి చూస్తారు, బోలుగా మోగాలి. ఇదంతా వీడియోలో ఎక్కడ దొరుకుతుంది?

కాబట్టి అడగకండి. పక్కన నిలబడండి. పాప బల్ల ఎక్కి పిండిలో చెయ్యి పెడితే పెట్టనివ్వండి. కొలతలు కావాలంటే పిండి డబ్బాని ముందోసారి, తర్వాతోసారి తూచి చూసుకోండి, ఆవిడని అడగాల్సిన పని లేదు. ఇంకొకటి, మీరూ ఒక రోజు ఆవిడకి ఏదైనా చేసి పెట్టి తప్పొప్పులు చెప్పమనండి. మజ్జిగ పులుసు పెట్టండి. మజ్జిగ ఎప్పుడు విరుగుతుందో ఎప్పుడు విరగదో ఆవిడకి మనకన్నా బాగా తెలుసు.

ఒక్క విషయం గమనించండి. రొట్టె ఒక్కటే మానేశారా, తిండి కూడా తగ్గిందా? నిద్ర లేదా, బయటికి రావడం మానేశారా, బరువు తగ్గుతున్నారా? అలాంటివి ఉంటే ఇది గోడల గొడవ కాదు, దిగులు ముదురుతోంది. ఈ వారమే మీ జీపీ, అంటే ఇంటి డాక్టరు, దగ్గరికి కొడుకే తీసుకెళ్లాలి.

ముందు ఏ మాట అనాలని అడిగారు. వాల్‌పేపర్ మాట ఎత్తకండి. క్షమించమనీ మొదలుపెట్టకండి, ఆవిడ ఇబ్బంది పడి 'అదేం లేదు' అని లేచి వెళ్లిపోతారు. గోడ మీది రంగుల నమూనాలు ఈ రాత్రే తీసేయండి. శనివారం మజ్జిగ సీసా తెచ్చి ఆవిడ పిండి డబ్బా పక్కన పెట్టండి. మీ పాప ఆవిడని 'నానా' అనే పిలుస్తుందనుకుంటాను, అక్కడి పిల్లలు నానమ్మని అలాగే అంటారు, మన చెవికి నాన్న అన్నట్టు వినిపిస్తుంది. ఆదివారం పొద్దున పాపని ఎత్తుకుని ఆవిడ దగ్గరికి వెళ్లి, "పాప నానా రొట్టె కావాలంటోంది. నాకూ కావాలి" అనండి.