పాత కార్డుకి గ్రేడింగ్ చేయిస్తే ధర పెరుగుతుందా?

ప్రశ్న: మా పక్కింటివాళ్లు ఇల్లు మారుతూ మా అబ్బాయికి పాత పోకెమాన్ కార్డుల డబ్బా ఇచ్చి వెళ్లారు. అందులో 1999 నాటి చారిజార్డ్ కార్డు ఉంది. పీఎస్‌ఏ అనే గ్రేడింగ్ కంపెనీకి పంపి గ్రేడింగ్ చేయిస్తే లక్షల డాలర్లు వస్తాయని స్కూల్లో ఫ్రెండ్స్ చెప్పారట, రోజూ ఒకటే గోల. పంపమంటారా?
ఒక పాఠకురాలు, ఫ్రిస్కో, టెక్సస్

జవాబు: ముందు కార్డుని మీరే పరీక్షగా చూడండమ్మా. బొమ్మకి కింద ఎడమ పక్కన 1 అంకె, ఎడిషన్ అనే మాట ఉన్న నల్లటి చిన్న ముద్ర ఉందా? 2022లో ఒక చారిజార్డ్ 4,20,000 డాలర్లు పలికింది, పిల్లలు విన్నది దాని గురించే అయ్యుంటుంది. అది ఆ ముద్ర ఉన్న మొదటి విడత కార్డు, పైగా దానికి పీఎస్‌ఏ 10, అంటే అన్నిటికన్నా పై గ్రేడ్ వచ్చింది. ముద్ర లేకుండా బొమ్మ చట్రానికి కుడివైపు నీడ కనిపిస్తే అది తర్వాత కుప్పలుగా అచ్చయిన రకం. దానికీ గిరాకీ ఉంది గానీ ఆ లక్షలు మర్చిపోండి.

గ్రేడింగ్‌లో ముందు కార్డు అసలుదో నకిలీదో తేలుస్తారు, తర్వాత అచ్చు సరిగ్గా మధ్యలో పడిందా, మూలలు, అంచులు, పైతలం ఎలా ఉన్నాయో చూసి 1 నుంచి 10 దాకా గ్రేడ్ ఇచ్చి స్లాబ్ అనే గట్టి ప్లాస్టిక్ డబ్బీలో సీల్ చేస్తారు. దాంతో కార్డేమీ మెరుగుపడదు, కొనేవాడికి అనుమానం తీరుతుంది, అంతే. ధర బాగా ఎగిరేది 10 దగ్గరే. 9కీ 10కీ తేడా మామూలు కంటికి ఆనదు, అయినా పాత కార్డుల్లో 10 వచ్చేవి బాగా తక్కువ కాబట్టి డబ్బులో ఆ తేడా ఎన్నో రెట్లు ఉంటుంది. ఏ గ్రేడ్ ఎన్ని కార్డులకి వచ్చిందో పీఎస్‌ఏ వాళ్ల పాపులేషన్ రిపోర్ట్‌లో ఎవరైనా చూసుకోవచ్చు.

ఇప్పుడు కార్డు వెనక్కి తిప్పి నీలం అంచుల్ని మంచి వెలుతురులో చూడండి. తెల్లటి చుక్కలు, అరుగుదల కనిపిస్తే 10 ఆశ వదిలేయండి. ఈబేలో అమ్మేవాళ్లు అడిగే ధర పట్టించుకోకుండా, నిజంగా అమ్ముడైన ధరలు మాత్రమే చూసి, గ్రేడ్ లేని కార్డు ఎంతకి పోయింది, 5 లేదా 6 వచ్చింది ఎంతకి పోయింది అని లెక్క వేయండి. ఫీజు, పోస్టేజీ, ఇన్సూరెన్స్ పోగా ఏమీ మిగలకపోతే పంపకండి, మంచి ప్లాస్టిక్ తొడుగులో పెట్టి మీ అబ్బాయికే ఇచ్చేయండి. దయచేసి తుడవడం, అంచులు సరిచేయడం లాంటివి మాత్రం చేయొద్దు, కత్తిరించినట్టు తేలితే అంకె గ్రేడే ఇవ్వరు.

ప్రశ్న: స్లాబ్‌లో ఉందంటే కళ్లు మూసుకుని కొనొచ్చా?
ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: వద్దండీ. 1991లో పీఎస్‌ఏ మొట్టమొదట గ్రేడ్ చేసిన కార్డు హోనస్ వాగ్నర్ అనే బేస్‌బాల్ ఆటగాడిది. 8 ఇచ్చారు, 2007లో అది 28 లక్షల డాలర్లకి అమ్ముడైంది. దాని అంచులు తానే కత్తిరించానని బిల్ మాస్ట్రో అనే డీలర్ 2013లో కోర్టులో ఒప్పుకున్నాడు. నిపుణుల కళ్లే అలా మోసపోయాయి, ఇప్పుడైతే స్లాబ్‌లకే నకిలీలు వస్తున్నాయి. డబ్బు కట్టేముందు లేబుల్ మీది సర్టిఫికేషన్ నంబర్ కంపెనీ సైట్‌లో కొట్టి చూడండి, అక్కడ ఫొటో ఉంటే కార్డు మీది గీతలతో సహా పోల్చుకోండి.