90 వేల హ్యాకింగ్ కోర్సు కట్టమంటారా?

ప్రశ్న: మా అబ్బాయి బీటెక్ సీఎస్‌ఈ మూడో సంవత్సరం. వాళ్ల కాలేజీ పోర్టల్‌లోకి పాస్‌వర్డ్ లేకుండానే లాగిన్ అయ్యి ఫ్రెండ్స్‌కు చూపించాడట. సైబర్ సెక్యూరిటీలోకే వెళ్తానని, ఎథికల్ హ్యాకింగ్ కోర్సుకు 90 వేలు కట్టమని అడుగుతున్నాడు. కట్టమంటారా?

జవాబు: ఫీజు సంగతి తర్వాత. ఆ పోర్టల్ జోలికి మళ్లీ వెళ్లొద్దని ఈరోజే చెప్పండి. అనుమతి లేకుండా ఇతరుల సిస్టంలోకి వెళ్లడాన్ని ఐటీ చట్టం 43వ సెక్షన్ తప్పుబడుతుంది. దురుద్దేశం ఉందని తేలితే 66వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు, 5 లక్షల దాకా జరిమానా. ‘సరదాకి చేశాను సార్’ అని స్టేషన్‌లో చెప్పుకునే పరిస్థితి మనకెందుకు? లోపం సంగతి కాలేజీకి చెప్పాలి, చెప్పేటప్పుడు మీరూ పక్కన ఉండండి.

మీరు రాసినదాన్ని బట్టి అది ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్ అయ్యుంటుంది, అంటే పేరు రాయాల్సిన చోట డేటాబేస్‌కిచ్చే ఆజ్ఞను దూర్చడం. యూజర్ పేరు రాసే పెట్టెలో ఒక సింగిల్ కోట్, పక్కన ‘ఆర్ 1=1’ (‘లేదా 1=1’ అని), చివర రెండు అడ్డగీతలు (--). పోర్టల్ ఆ ముక్కను ఉన్నదున్నట్టు క్వెరీలో, అంటే డేటాబేస్‌ను అడిగే ప్రశ్నలో, అతికిస్తుంది. 1 ఎప్పుడూ 1కి సమానమే కదా, షరతు నెగ్గుతుంది. ఆ గీతలంటే ‘ఇక్కడి నుంచి వదిలెయ్’ అని, అందుకే వాటి తర్వాత ఉన్న పాస్‌వర్డ్ తనిఖీని డేటాబేస్ చదవనే చదవదు. టేబుల్‌లో మొదటి వరస చేతికొస్తుంది, చాలాచోట్ల అది అడ్మిన్‌దే! చెక్కు మీద అంకె పక్కన ఖాళీ వదిలితే ఎవరో సున్నా చేర్చుకున్నట్టు.

ఈ కిటుకు 1998 నుంచీ అందరికీ తెలిసిందే. అయినా బ్రిటన్ టెలికాం కంపెనీ టాక్‌టాక్, తాను కొన్న ఇంకో కంపెనీ నుంచి వచ్చిన పాత పేజీల్లో ఇదే లోపాన్ని పట్టించుకోలేదు. 2015లో దాదాపు 1,57,000 మంది కస్టమర్ల వివరాలు పోయాయి, మరుసటి ఏడాది 4 లక్షల పౌండ్ల జరిమానా పడింది. తలుపు తెరిచి చూపించేవాళ్లు దొరుకుతారు. పాత కోడ్‌లో కూర్చుని గడియ బిగించేవాళ్లు తక్కువ, జీతం ఇచ్చేది వాళ్లకే.

అందుకే మీ అబ్బాయిని తన మినీ ప్రాజెక్టు తెరవమనండి. నేను చూసే ప్రాజెక్టుల్లో యూజర్ టైప్ చేసినదాన్ని ప్లస్ గుర్తుతో అతికించిన క్వెరీలే ఎక్కువ. వాటన్నిటినీ ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్లుగా మార్చాలి: క్వెరీలో ప్రశ్నార్థకం పెట్టి, విలువను విడిగా పంపడం. అప్పుడు ఏం టైప్ చేసినా డేటాబేస్‌కు అది ఉత్త పేరే, ఆజ్ఞ కాదు. ‘కోట్‌లు తీసేస్తే సరిపోదా?’ అని ఇంటర్వ్యూలో అడుగుతారు. సరిపోదు, రోల్ నంబర్ లాంటి అంకెల దగ్గర దాడికి కోట్ అక్కర్లేదు. ఫలితాలను వరసలో పెట్టే ‘ఆర్డర్ బై’ దగ్గర కాలమ్ పేరును ప్రశ్నార్థకంతో పంపలేం కాబట్టి, అనుమతించిన పేర్ల జాబితాతో సరిచూడాలి. ప్రాజెక్టు డేటాబేస్‌కు అన్ని అధికారాలూ ఉన్న రూట్ అకౌంట్‌తో కనెక్ట్ అవుతుంటే అదీ మార్చాలి.

దాడి ప్రాక్టీస్ చేయాలంటే పోర్ట్‌స్విగ్గర్ వెబ్ సెక్యూరిటీ అకాడమీ అనే వెబ్‌సైట్‌లో ల్యాబ్‌లు ఉచితం. కావాలనే లోపాలతో తయారుచేసిన ఓవాస్ప్ జ్యూస్ షాప్ అనే ప్రాక్టీస్ సైట్‌ను సొంత ల్యాప్‌టాప్‌లోనే నడుపుకోవచ్చు. ఎన్ని తూట్లు పొడిచినా ఎవరూ ఏమనరు.

మూడు నెలలు ఇవి చేసి, ప్రతి లోపం ఎలా దొరికిందో, ఎలా మూశాడో నోట్స్ రాయమనండి. అప్పటికీ కోర్సు కావాలంటే సిలబస్ నాకు పంపండి, చూసి చెబుతాను. ఈలోగా సీటు అయిపోతుందంటూ కోర్సువాళ్లు ఫోన్ చేసినా అడ్వాన్సు కట్టకండి.