ఆంబర్ లైటు వెలుగుతోంది, ఏ లాగ్ చూడాలి?

ప్రశ్న: సర్వర్ ముందు ఆంబర్ లైటు (ఏదో లోపం ఉందని చెప్పే నారింజ లైటు) వెలుగుతోంది. లినక్స్ లాగ్‌లో ఏమీ లేదు. మేనేజ్‌మెంట్ పేజీలో మాత్రం రెండు మూడు లాగ్‌లున్నాయి. దేన్ని నమ్మాలి?

జవాబు: ముందు సెల్, అంటే సిస్టమ్ ఈవెంట్ లాగ్ చూడండి. దాన్ని రాసేది బోర్డు మీది బీఎంసీ చిప్, అంటే సర్వర్ హార్డ్‌వేర్‌ను విడిగా గమనిస్తూ ఉండే చిన్న కంప్యూటర్. ఓఎస్ పడిపోయినా, సర్వర్ ఆఫ్‌లో ఉన్నా, కరెంటు అందుతుంటే చాలు, అది పనిచేస్తుంది. డెల్ సర్వర్లలోని బీఎంసీ అయిన ఐడ్రాక్‌లో దీనితోపాటు లైఫ్‌సైకిల్ లాగ్ ఉంటుంది. ఫర్మ్‌వేర్, సెట్టింగుల మార్పులు అందులో దొరుకుతాయి. హెచ్‌పీఈ సర్వర్లలో బీఎంసీ పేరు ఐలో. అక్కడ హార్డ్‌వేర్ గొడవలకు ఐఎంఎల్ (ఇంటిగ్రేటెడ్ మేనేజ్‌మెంట్ లాగ్), లాగిన్ల వంటివాటికి ఐలో ఈవెంట్ లాగ్.

లినక్స్ నుంచైతే ‘ఐపీఎంఐటూల్ సెల్ ఎలిస్ట్’ (ipmitool sel elist) కొట్టండి, సెన్సార్ పేర్లతో సహా వస్తుంది. ‘అసర్టెడ్’ అంటే సమస్య మొదలైంది, ‘డీఅసర్టెడ్’ అంటే పోయింది. పవర్ సప్లై ‘ఏసీ లాస్ట్’ అని ఉంటే యూనిట్ మార్చేముందు కేబుల్, పీడీయూ (ర్యాక్‌లో కరెంటు పంచే ప్లగ్ బోర్డు) చూడండి.

మెమరీ దగ్గరే ఎక్కువమంది తొందరపడతారు. ‘కరెక్టబుల్ ఈసీసీ’, అంటే మెమరీ తానే సరిదిద్దుకున్న ఎర్రర్, ఎప్పుడో ఒకటి వస్తే గమనిస్తూ ఉండండి. ఒకే స్లాట్‌లో పదేపదే వస్తే సర్వర్ ఆపి, ఆ డిమ్‌ను (మెమరీ కార్డును) అదే రకం మరో డిమ్‌తో అటూఇటూ మార్చండి. ఎర్రర్ కూడా డిమ్‌తోపాటు కొత్త స్లాట్‌కు కదిలితే డిమ్‌దే లోపం. కదలకపోతే స్లాట్‌నో ప్రాసెసర్‌నో అనుమానించాలి. ‘అన్‌కరెక్టబుల్’, అంటే సరిదిద్దలేని ఎర్రర్ అయితే గమనిస్తూ ఆగొద్దు.

‘ప్రీ-ఇనిట్’ అని తేదీ లేకుండా కనిపించే ఎంట్రీలు బీఎంసీ గడియారం సెట్ కాకముందువి. సెల్ నిండితే చాలా సర్వర్లు కొత్తవి రాయడం మానేస్తాయి. ‘ఐపీఎంఐటూల్ సెల్ ఇన్ఫో’ (ipmitool sel info)తో ఎంత నిండిందో చూసి, ఫైల్‌లోకి సేవ్ చేశాకే క్లియర్ చేయండి. లైటు ఆరడానికని ముందే తుడిచేస్తే వారంటీ వాళ్లకు చూపించడానికి ఏమీ మిగలదు.