చెదపుట్ట పద్ధతి విజయవాడ డాబాకు పనికొస్తుందా? – సమాధానం

పై అంతస్తు గది రాత్రి పదకొండింటికి కూడా సెగలు కక్కుతోందని, జింబాబ్వే రాజధాని హరారేలోని ఈస్ట్‌గేట్ భవనంలా చెదపుట్ట పద్ధతిలో, అంటే పుట్టలోని సొరంగాల్లా గాలి ఆడేలా, గాలి గొట్టాలు పెట్టిస్తే చల్లబడుతుందా అని అడిగారు. విజయవాడలో ఆ ఖర్చు పెట్టకండి.

1996లో ప్రారంభమైన ఆ భవనానికి రూపకల్పన చేసింది మిక్ పియర్స్. హరారే దాదాపు 1,500 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి చీకటి పడితే గాలి చల్లబడుతుంది. ఫ్యాన్లు ఆ గాలిని లోపలికి లాగి మందపాటి కాంక్రీటును చల్లారుస్తాయి. పగలు ఆ కాంక్రీటే వేడిని పీల్చుకుంటుంది. మే నెలలో మన కోస్తా రాత్రులు అలా చల్లబడవు కదా!

మీకు దారి చూపేది సహారా వెండి చీమ. దాని ఒంటి మీది సన్నని వెంట్రుకలు, అడ్డంగా కోసి చూస్తే త్రికోణాకారంలో ఉండేవి, ఎండను తిప్పికొడతాయి. ఒంట్లోని వేడిని పరారుణ కిరణాలుగా బయటికి పంపడానికీ తోడ్పడతాయి. అందుకే మిట్టమధ్యాహ్నం మండే ఇసుక మీద అది తిరగగలదు.

మీ డాబాకు ఆ పని తెల్లని పూత చేస్తుంది. నాచు, దుమ్ము గీకి కడగండి. సాయంత్రం స్లాబు తడిపి, బంక కలిపిన సున్నం రెండు పూతలు వేయించండి. కళ్లలో పడకుండా జాగ్రత్త. ఒక మూల పూత లేకుండా వదిలి, మధ్యాహ్నం రెండింటికి రెండుచోట్లా అరచేయి ఆనించి చూడండి, తేడా మీకే తెలుస్తుంది. వానలకు సున్నం కొట్టుకుపోతుంది కనుక ఏటా మార్చిలో మళ్లీ వేయించాలి. పడమటి గోడకు మాత్రం పందిరి వేసి ఏదైనా పాదు పాకించండి.