40 కిలోమీటర్ల ఓడ రాసిన తమ్ముడికి

తమ్మీ,

నీ కథ అందింది. చదివాను, కొన్ని పేజీలు మళ్లీ మళ్లీ చదివాను. 40 కిలోమీటర్ల పొడవు, 8 కిలోమీటర్ల వెడల్పు ఉన్న గొట్టంలాంటి స్పేస్‌షిప్, లోపల కోటి మంది జనం, కాంతి వేగంలో పదో వంతు వేగంతో సూర్యుడికి అతి దగ్గరి నక్షత్రమైన ప్రాక్సిమా సెంటారీకి ప్రయాణం. ఓడను చిన్నది చేయమని చెప్పడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. పెద్ద ఓడలంటే నాకూ పిచ్చే. మన దగ్గర సైన్స్ ఫిక్షన్ రాసే పిల్లలే తక్కువ, రాసినవాళ్లను పట్టుకుని "ఇదంతా అయ్యే పనేనా" అని మొహం మీదే అనేవాళ్లు ఎక్కువ, నేను ఆ గుంపులో లేను.

కానీ నీ ఓడ పెద్దదని నువ్వు చెప్తుంటే వింటున్నాను తప్ప చదువుతుంటే నాకు తెలియడం లేదు. మొదటి పేజీలో 40 కిలోమీటర్లు అన్నావు, మూడో పేజీకి కెప్టెన్ ఇంజన్ రూమ్ నుంచి కంట్రోల్ రూమ్‌కి పరుగెత్తుకొచ్చేశాడు. నల్లగొండ నుంచి మిర్యాలగూడ దాదాపు అంతే దూరం ఉంటుంది తమ్మీ. అంత దూరం ఎవరూ పరుగెత్తి రారు, బస్సెక్కుతారు, మధ్యలో చాయ్ తాగుతారు. నీ ఓడలో ఆ బస్సు ఏది? ఇటు చివర పుట్టి అటు చివర ఎప్పుడూ చూడని ముసలమ్మ ఎవరైనా ఉందా? ఇంకోటి చూడు. వెనక ఇంజన్ ఒక్కసారి తోసిందనుకో, ఆ తోపు స్టీల్‌లో సెకనుకు సుమారు 5 కిలోమీటర్ల వేగంతో ముందుకు పోతుంది, అంటే ముందు చివర ఉన్నవాళ్లకు ఆ కుదుపు 8 సెకన్ల తర్వాత తెలుస్తుంది. వెనకున్న బిడ్డ ఫోన్లో "అమ్మా, కుదిపింది" అంటుంటే ముందున్న తల్లి చేతిలోని గ్లాసు ఇంకా కదలదు. ఈ ఒక్క సీన్ రాస్తే 40 కిలోమీటర్లు అని వేరే చెప్పే పనే లేదు.

బరువు సంగతి కూడా ఇంతే. నీ ఓడ గుండ్రంగా తిరుగుతుంది కాబట్టి గోడ మీద నిలబడ్డవాళ్లకు భూమ్మీదలాగే బరువు ఉంటుందని ఒక్క వాక్యంలో తేల్చేశావు. లెక్క కరెక్టే, 4 కిలోమీటర్ల వ్యాసార్ధం ఉంటే రెండు నిమిషాలకు కాస్త ఎక్కువలో ఒక చుట్టు తిరిగితే సరిపోతుంది, అంత నెమ్మది మీద తల తిరగడాలూ ఉండవు. చిన్న ఓడకు ఈ సుఖం లేదు, పెద్ద ఓడలు కావాలనడానికి ఇదొక గట్టి కారణం. 1975లో నాసా వేసవి అధ్యయనంలో గీసిన స్టాన్‌ఫర్డ్ టోరస్ అనే చక్రంలాంటి అంతరిక్ష ఊరు చూడు, 10,000 మంది ఉండేది, వెడల్పు దాదాపు 1.8 కిలోమీటర్లు, నిమిషానికి ఒక చుట్టు. ఆ 1.8 కిలోమీటర్లు ఇష్టమొచ్చినట్టు వేసిన అంకె కాదు, ఆ నెమ్మదికి అంత వెడల్పు కావాల్సిందే. అయితే గోడ నుంచి ఇరుసు వైపు పైకి పోయేకొద్దీ బరువు తగ్గుతుంది, సగం దూరంలో సగం బరువు. మన నల్లగొండ ఊళ్లలో ఫ్లోరైడ్ నీళ్లకు మోకాళ్లు వంగిపోయినవాళ్లను చూస్తూ పెరిగినవాడివి నువ్వు. సగం బరువుండే అంతస్తులో ఇల్లు ఎవరికి ఇస్తారు? మోకాళ్లు నొప్పులున్న అవ్వకా, పైసలున్నవాడికా? కథ అక్కడుంది. నువ్వు దాని పక్క నుంచే వెళ్లిపోయావు.

అసలు ఇంత పెద్ద ఓడ మనకెందుకు కావాలనిపిస్తుందో ఎప్పుడైనా ఆలోచించావా? భారీగా ఉంటే కళ్లు చెదురుతాయి, నిజమే, సాగర్ డ్యామ్ గేట్లు ఎత్తారంటే బండ్లు కట్టుకుని పోయి చూసే జనం మనం. నాకైతే అసలు ఆకర్షణ వేరే చోట ఉంది. పెద్ద ఓడ అంటే ఊరు ఊరంతా కలిసి పోవడం. శ్రీశైలం ప్రాజెక్టు కింద పాలమూరు వైపు ఎన్ని ఊళ్లు మునిగాయో మీ ఇంట్లో పెద్దవాళ్లను అడుగు. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని ఊడదీసి తెచ్చి ఆలంపూర్‌లో మళ్లీ కట్టారు, ఇప్పుడు వెళ్లినా చూడొచ్చు. గుడి అట్లాగే నిలబడింది, మనుషులు మాత్రం తలా ఒక దిక్కు అయ్యారు. వాడ వాడంతా, చెరువుతో సహా, బొడ్రాయితో సహా లేచి పోయే ఓడ ఒకటి ఉంటే ఎంత బాగుండు అనే ఆశ మన నేల మీద పుట్టినవాడికి చెప్పకుండానే అర్థమవుతుంది. నీ కోటి మందిలో ఒక్కరైనా ఏ ఊరివాళ్లో నువ్వు రాయలేదు. కనీసం ఒక వాడకు పేరు పెట్టు.

ఇప్పుడు నమ్మకం సంగతి. నీ ఓడ పరిమాణం సుమారు 2,000 ఘన కిలోమీటర్లు. లోపల ఎక్కువ భాగం గాలే అనుకుని, సగటు సాంద్రత నీటిలో పదో వంతు వేసుకున్నా 20,000 కోట్ల టన్నులవుతుంది. ప్రపంచం మొత్తం ఏడాదికి చేసే స్టీల్ 190 కోట్ల టన్నుల దాకా ఉంటుంది, అంటే భూమ్మీద ఇంకేమీ కట్టకుండా వందేళ్లు పోసినా అంతంతమాత్రం. దీన్ని తప్పుగా చూడకు, వరంగా చూడు. వందేళ్లు కట్టాలంటే మూడు నాలుగు తరాలు కట్టాలి. దేశంలో ఏ డ్యామ్ కట్టినా పాలమూరు లేబర్ పోయి పనిచేశారని చెప్పుకునే ప్రాంతం మనది. కట్టినవాళ్ల పిల్లలకు ఆ కాలువ నీళ్లు దక్కాయా లేదా అనే ప్రశ్న ఇంట్లోనే విని పెరిగాం. నీ ఓడ వెల్డింగ్ చేసిన మొదటి తరం దాన్ని ఎక్కదు. రెండో తరం కూడా ఎక్కదు. వాళ్లను నీ కథలోకి తీసుకురా.

నాకు నిజంగా టెన్షన్ పెట్టింది వేడి. అంత బరువును కాంతి వేగంలో పదో వంతుకు తీసుకుపోవడానికి కావలసిన శక్తి, ఇప్పుడు ప్రపంచమంతా ఏడాదికి వాడే శక్తికి సుమారు 15 కోట్ల రెట్లు. శక్తి ఎక్కడి నుంచో దొరికిందనే అనుకుందాం, కథ కదా. నువ్వు ఏడాదిలో ఆ వేగం అందుకుంటుందని రాశావు. ఆ శక్తిలో నూటికి ఒక్క వంతు వేడిగా ఓడలోకి చేరినా, శూన్యంలో ఆ వేడి బయటికి పోవడానికి గాలీ లేదు నీళ్లూ లేవు, ఒంటి మీంచి కిరణాలుగా పోవాల్సిందే. లెక్కేస్తే ఓడ పైపొర 20,000 డిగ్రీలు దాటుతుంది, సూర్యుడి ఉపరితలమే 5,500 డిగ్రీలు. ఓడ పెద్దదయ్యేకొద్దీ ఈ బాధ పెరుగుతుంది: కొలత రెట్టింపైతే పైపొర నాలుగు రెట్లే, లోపలి సరుకు ఎనిమిది రెట్లు. గెలీలియో 1638లోనే ఈ లెక్క చెప్పాడు. అందుకే వేగం తగ్గించు. కాంతి వేగంలో నూరో వంతు చాలు, శక్తి నూరో వంతుకు పడిపోతుంది, ప్రయాణం మాత్రం 420 ఏళ్లు దాటుతుంది. వేడి వదిలే పెద్ద పెద్ద రెక్కలు అప్పుడూ కావాలి, వాటిని బయట వేలాడే ఊళ్లంత రెక్కలుగా రాయి, రిపేరుకు పోయే మనుషులను రాయి. 420 ఏళ్లు నీ కథకు బరువు కాదు, తరాలకు తరాలు నీకు అప్పనంగా దొరుకుతున్నాయి.

నీళ్ల గురించి ఒక్క మాట. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో 2023 నాటికి వాడిన నీళ్లలో 98 శాతం తిరిగి తాగేలా చేయగలిగారు. గొప్ప పని. కానీ ఆ మిగిలిన 2 శాతాన్ని వదిలేస్తూ పోతే, 35 సార్లు తిరిగేసరికి ఉన్న నీళ్లలో సగమే మిగులుతాయి. 420 ఏళ్ల ఓడలో ఆ చిక్కటి మురుగును వదిలేయడానికి లేదు. నల్లగొండ టెక్నిక్ అని పేరుపడ్డ పద్ధతి నీకు తెలుసు కదా, నీళ్లలోని ఫ్లోరైడ్ తీయడానికి బకెట్లో పటిక, సున్నం వేసి కలిపి, తేరుకున్నాక పైనీళ్లు వంచుకుని తాగడం. అడుగున మిగిలిన మడ్డిని ఏం చేయాలనేది ఎప్పుడూ ఉన్న తలనొప్పే. నీ ఓడలో ఆ మడ్డి తీసే డ్యూటీ ఏ వాడకు పడిందో రాస్తే కెప్టెన్ ఉపన్యాసాల కన్నా నాలుగింతలు బలంగా ఉంటుంది. ఆ ఉపన్యాసాల్లో రెండు తీసేయ్, కథకు నష్టమేమీ లేదు.

చివరి భాగంలో ఓడ ప్రాక్సిమా దగ్గర వచ్చి ఆగిందని రాశావు. ఎలా ఆగింది? పరుగెత్తడానికి ఎంత కష్టమో ఆగడానికీ అంతే కష్టం. 1970ల్లో బ్రిటిష్ ఇంటర్‌ప్లానెటరీ సొసైటీవాళ్లు డెడాలస్ అని మనుషులు లేని ఓడ ఒకటి డిజైన్ చేశారు, 54,000 టన్నుల్లో 50,000 టన్నులు ఇంధనమే, అయినా అది నక్షత్రం పక్కనుంచి దూసుకుపోవడానికే గాని ఆగడానికి కాదు. ఈ లెక్క ముందు సరిచూసుకో, దాన్నిబట్టి నీ మూడో భాగం మొత్తం మారొచ్చు. దసరాకు ఊరొస్తావు కదా, ఆలోపు కొత్త ప్రతి పంపు, వచ్చినప్పుడు కూర్చుని మాట్లాడుకుందాం.

అన్న