వీసీ అవుతానంటున్న అమ్మాయి, బీఎడ్ చేయించమంటున్న మేనమామ

ప్రశ్న: మా అమ్మాయి బీఏ హెచ్‌ఈపీ ఫైనలియర్. జాంగ్ కైయువాన్ అనే చైనా చరిత్రకారుడి గురించి ఎక్కడో చదివింది. ఆయనలా చైనా చరిత్ర మీద పరిశోధన చేసి, ఎప్పటికైనా యూనివర్సిటీ వీసీ (వైస్ ఛాన్సలర్) అవుతానంటోంది. మా బావమరిదేమో బీఎడ్ చేయించి డీఎస్సీకి కూర్చోబెట్టమంటున్నాడు. ఎటూ తేలక టెన్షన్‌గా ఉంది. - ఒక తండ్రి, కరీంనగర్

జవాబు: అయ్యా, అమ్మాయి ఎంచుకున్న మనిషి మంచివాడే. కానీ ఆయన బతుకులో వీసీగిరీ ఎంతో ముందు చూడండి. జాంగ్ 1926లో అన్హుయ్ ప్రావిన్స్‌లోని వూహులో పుట్టారు. జపాన్‌తో యుద్ధం రోజుల్లో ఇల్లు వదిలి సిచువాన్ చేరారు. అక్కడ స్కూల్లోంచి తీసేస్తే యాంగ్జీ నదిలో ధాన్యం పడవ మీద పనిచేశారు. 1946లో నాన్‌జింగ్‌లోని జిన్‌లింగ్ విశ్వవిద్యాలయంలో చరిత్ర చదవడానికి చేరి, చదువు పూర్తికాకుండానే 1948లో కమ్యూనిస్టుల చేతిలో ఉన్న ప్రాంతానికి వెళ్ళిపోయారు. ఆ తర్వాత వూహాన్‌లో పాఠాలు చెబుతూ, చింగ్ రాజవంశాన్ని కూల్చిన 1911 విప్లవాన్ని పట్టుకున్నారు. ఆ తిరుగుబాటు మొదలైన వూచాంగ్ ఆ నగరంలోదే. ఇంకో చరిత్రకారుడు లిన్ జెంగ్‌పింగ్‌తో కలిసి దాని మీద మూడు సంపుటాలు తెచ్చారు. 1984లో తాను పాఠాలు చెబుతున్న సంస్థకే అధ్యక్షుడయ్యారు, మన వీసీ లాంటి పదవి. అప్పటికది టీచర్లను తయారుచేసే కళాశాల, మరుసటేడు సెంట్రల్ చైనా నార్మల్ యూనివర్సిటీ అయింది. 1990లో పదవి దిగారు, 2021లో 94 ఏళ్ల వయసులో పోయారు. అంటే పదవి ఆరేళ్లు, చరిత్ర పని ఆరు దశాబ్దాల పైమాటే.

ఆయన గురించి మీ అమ్మాయి తప్పక తెలుసుకోవాల్సింది 1988 సంగతి. అప్పటికి ఆయన యూనివర్సిటీ అధ్యక్షుడే. అమెరికాలో యేల్ యూనివర్సిటీ డివినిటీ లైబ్రరీకి వెళితే, జిన్‌లింగ్‌లో తనకు పాఠాలు చెప్పిన బేట్స్ మాస్టారి కాగితాలు కనిపించాయి. 1937లో జపాన్ సైన్యం నాన్‌జింగ్‌లో ఊచకోత కోసినప్పుడు బేట్స్ ఊరు విడవకుండా, శరణార్థుల రక్షణ మండలం నడిపినవాళ్లలో ఒకరిగా నిలబడ్డారు. జాంగ్ పదవి దిగాక మళ్ళీ అక్కడికి వెళ్ళి ఆ కాగితాల పెట్టెల ముందు కూర్చున్నారు. ఊచకోత సాక్ష్యాలుగా ఆయన తెచ్చిన పుస్తకాలు ఆ కాగితాల్లోంచి వచ్చినవే. 2014లో, జీవితాంతం ఉండే సీనియర్ ప్రొఫెసర్ హోదాను తనంతట తానే వదులుకున్నారు కూడా.

ఇక వీసీ మాట. మన దగ్గర 2018 యూజీసీ నిబంధనల ప్రకారం ప్రొఫెసర్‌గానో, పేరున్న పరిశోధన లేదా విద్యా పరిపాలన సంస్థలోనో కనీసం పదేళ్ల అనుభవం ఉండాలి. ఆ పైన సెర్చ్ కమిటీ, రాజకీయం, అదృష్టం. ఇరవై ఏళ్ల పిల్ల ఇప్పుడే దాని గురించి ఆలోచించనక్కర్లేదు. చైనాలో అయితే యూనివర్సిటీ పార్టీ కమిటీ నాయకత్వంలో నడుస్తుంది, అది మనకు అందే దారి కాదు.

అసలు అడగాల్సింది, ఆమెకు చైనీస్ చదవడం వస్తుందా అని. రాకపోతే చైనా చరిత్ర మీద ఎవరో ఇంగ్లిష్‌లో రాసింది తిరగరాయడమే మిగులుతుంది. కాబట్టి ఈ ఏడాదే భాష మొదలుపెట్టించండి. ఎంఏకు ఢిల్లీ యూనివర్సిటీ తూర్పు ఆసియా అధ్యయనాల విభాగం నా మొదటి ఎంపిక. అక్కడ భాషా, చరిత్రా రెండూ దొరుకుతాయి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో చరిత్ర ఎంఏ కూడా మంచిదే, కానీ చైనీస్ విడిగా నేర్చుకోవాలి. శాంతినికేతన్‌లో 1937 నుంచీ చీనా భవన్ ఉంది, భాషే ప్రధానమనుకుంటే అటు చూడొచ్చు. వీటికి సీయూఈటీ పీజీ అనే ప్రవేశ పరీక్ష రాయాలి, నోటిఫికేషన్ కోసం ఇప్పటి నుంచే కన్నేసి ఉంచండి.

డబ్బు సంగతి మీరు అడగలేదు గానీ, మనసులో ఉన్నది అదేనని నాకు తెలుసు. యూజీసీ నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (పరిశోధనకు ఇచ్చే ఫెలోషిప్) వస్తే నెలకు 37,000 రూపాయలు, పరిశోధన కాలంలో ఇంటి మీద భారం ఉండదు. రాకపోతే ఇబ్బందే, దాచను. చరిత్ర పోస్టులు తక్కువ, పోటీ ఎక్కువ, గెస్ట్ ఫ్యాకల్టీగా ఏళ్లు గడిచిపోయినవాళ్లు ఉన్నారు. అయితే చైనీస్ గట్టిగా వస్తే చైనా నుంచి యంత్రాలు, విడిభాగాలు తెచ్చుకునే కంపెనీల్లో అనువాదం, దుబాసీ పని దొరుకుతుంది. ఒట్టి ఎంఏ హిస్టరీకి ఆ వెసులుబాటు లేదు.

మీ బావమరిది మాట కూడా కొట్టిపారేయకండి. ఎంఏ అయ్యాక బీఎడ్ చేయడానికి అడ్డేమీ లేదు. రెండేళ్లు గడిచేసరికి ఆమె చైనీస్ పేపర్ తెరిచి ఒక వార్త చదివి మీకు తెలుగులో చెప్పలేకపోతే, అప్పుడు డీఎస్సీ మాట ఎత్తండి.