పట్టు చీరతో లూజు టాప్: పక్కలు కాదు, ముందు భుజం సరిచెయ్యండి

మీరు అడిగింది ఇదీ: అమ్మగారి పాత పోచంపల్లి పట్టు చీరతో లూజు టాప్ కుట్టుకుందామని నెట్‌లో ఒక పీడీఎఫ్ ప్యాటర్న్ (ప్రింట్ తీసుకుని గుడ్డ కత్తిరించుకునే కాగితం నమూనా) కొన్నారు. చాతీ 38 కాబట్టి ఆ సైజే ప్రింట్ తీశారు. ముందు కాటన్ లైనింగ్ గుడ్డ మీద ట్రయల్ కుట్టి చూస్తే భుజాలు జారుతున్నాయి, మెడ వెనక్కి పోతోంది. సరే అని రెండు పక్కలా లోపలికి తీస్తే ఇప్పుడు చంకల దగ్గర పట్టేస్తోంది. పట్టు మీద కత్తెర పెట్టాలంటే భయంగా ఉంది, టైలర్‌కి ఇచ్చేయనా అన్నారు.

ముందు ఆ సైడు కుట్లు విప్పేయండి. లూజుగా అనిపించిన ప్రతిదానికీ పక్కలు లాగడం మనకి జాకెట్ల వల్ల వచ్చిన అలవాటు. జాకెట్ ఒంటిని పట్టుకుని నిలబడుతుంది, లూజు టాప్ అలా కాదు, దాని బరువంతా భుజాల మీదే ఉంటుంది. భుజం, మెడ, చంక ఈ మూడూ కుదిరితే కింద ఎంత లూజున్నా బాగానే ఉంటుంది. అవి కుదరకపోతే పక్కలు ఎంత లాగినా ఎవరి దగ్గరో అరువు తెచ్చుకుని వేసుకున్నట్టే ఉంటుంది. నేను ఇంట్లోవాళ్లకి పాత చీరలతో ఇలాంటివి కుడుతూనే ఉంటాను, దాదాపు ప్రతిసారీ గొడవ భుజం దగ్గరే తేలుతుంది.

ఇంకో చిన్న విషయం, ప్రింట్ తీసినప్పుడు పేజీ మీద సైజు సరిచూసుకోవడానికి గీసి ఉండే కొలత చదరాన్ని స్కేలు పెట్టి చూశారా? ప్రింటర్‌లో 'ఫిట్ టు పేజ్' అని ఉంటే ప్యాటర్న్ మొత్తం కాస్త చిన్నదైపోతుంది. అది 100 శాతంలో రావాలి. ఇది చూసుకోకుండా మిగతావి దిద్దడం శుద్ధ దండగ.

సైజు సంగతి. 38 అనేది చాతీలో ఎత్తైన చోట తీసిన కొలత. టేపుని ఇంకాస్త పైకి, చంకల కిందనుంచి చాతీ పైభాగం మీదుగా తీసి ఇంకోసారి కొలవండి. రెంటికీ తేడా రెండంగుళాలు దాటితే సైజుని పై కొలతని బట్టి తీసుకోవాలి, ఎందుకంటే భుజం వెడల్పు, మెడ వెడల్పు మన ఎముకలని బట్టి ఉంటాయి కానీ చాతీని బట్టి కాదు. మా వదినకి చాతీ 40, పై కొలత 36. ఆవిడకి 40 సైజు వేస్తే భుజం కుట్టు ఎముక దాటి రెండు వేళ్లు చేతి మీదకి దిగిపోయింది, 36 వేస్తే సరిగ్గా చోటుకొచ్చి కూర్చుంది. మరి చాతీ పట్టదా అంటే, అది లూజు టాప్ కదా, కుట్టాక వచ్చే చుట్టుకొలత ప్యాటర్న్‌లోనే 44 ఉంది, అంటే 40 చాతీకి ఇంకా నాలుగంగుళాలు మిగులు. మీ ప్యాటర్న్‌లో కూడా ఒంటి కొలతల పట్టిక పక్కన కుట్టాక వచ్చే కొలతలు ఉంటాయి, చూడండి. ఒకవేళ మీది జారుడు భుజం డిజైన్ అయితే, అంటే కుట్టు కావాలనే చేతి మీదకి దిగేది అయితే, ఎముకతో పని లేదు, మెడ వెడల్పు ఒక్కటే చూసుకోండి.

చిన్న సైజు తీసుకున్నాక ముందు భాగం అంచు పొట్ట దగ్గర పైకి లేచినట్టు అనిపించొచ్చు. గుడ్డ చాతీ మీదుగా ఎక్కి దిగాలి కదా, ఆ పొడవు తగ్గుతుందన్నమాట. ముందు భాగం కాగితాన్ని చాతీ ఎత్తులో అడ్డంగా కత్తిరించి, మధ్యలో అరంగుళం నుంచి ముప్పావు అంగుళం కాగితం అతికించండి. ఇప్పుడు పక్క కుట్టు దగ్గర ముందు భాగం వెనక దానికంటే అంతే పొడవు పెరుగుతుంది, ఆ పెరిగినదాన్ని పక్కనుంచి చాతీ వైపు సన్నబడే మడతగా, అంటే ఒక డాట్‌గా మడిచెయ్యండి, అంతే. పోచంపల్లి డిజైన్‌లో డాట్ అసలు కనపడదు.

మెడ వెనక్కి పోవడానికి చాలామందికి ఒకటే కారణం, మన భుజాలు కొంచెం ముందుకి వంగి ఉంటాయి, పొద్దస్తమానం కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్లకి మరీనూ. ప్యాటర్న్ గీసేవాళ్లు నిటారుగా నిలబడిన మనిషిని అనుకుని గీస్తారు. ట్రయల్ తొడుక్కుని పక్కనుంచి అద్దంలో చూడండి, భుజం కుట్టు చెవి కిందనుంచి మొదలై చేతి మధ్యకి రావాలి. చివర వెనక్కి వాలితే, భుజం చివరన ముందు భాగంలో అరంగుళం తీసేసి, అదే అరంగుళం వెనక భాగానికి కలపండి, మెడ దగ్గరికి వచ్చేసరికి సున్నా అయిపోవాలి. చెయ్యి మీద భుజం కుట్టుకి కలిసే గుర్తుని కూడా అరంగుళం ముందుకి జరపాలి, లేకపోతే చెయ్యి మెలి తిరుగుతుంది. దీంతోనే మెడ వెనక్కి జారడం సగం పైన తగ్గుతుంది.

అయితే కాటన్ ట్రయల్ ఇక్కడ ఒక అబద్ధం చెబుతుంది. కాటన్ ఒంటిని కరుచుకుని ఉంటుంది, పట్టు జారుతుంది. కాటన్‌లో మెడ కుదిరింది అనిపించినా పట్టుకి అటు పావు ఇటు పావు అంగుళం మెడ వెడల్పు తగ్గించే కత్తిరించండి. మెడ లోతు తర్వాతైనా తియ్యొచ్చు, వెడల్పు తీస్తే మళ్లీ రాదు. బోట్ నెక్ అయితే భుజం లోపల చిన్న పట్టీ, టిచ్ బటన్ పెట్టి బ్రా స్ట్రాప్‌కి పట్టేలా చేసుకోండి, గొడవ వదిలిపోతుంది.

చంక గురించి చెబితే ఎవరూ నమ్మరు. పట్టేస్తోంది కదా అని చంక ఇంకా లోతుగా తీసేస్తారు. అలా తీస్తే చెయ్యి ఎత్తినప్పుడల్లా టాప్ మొత్తం పైకి లేస్తుంది. నిజానికి చంక చుట్టు కాస్త పైకి ఉంటేనే చెయ్యి తేలిగ్గా ఆడుతుంది. సైడు కుట్లు విప్పాక కూడా మీకు పట్టేస్తుంటే, చంక కింద అరంగుళం పైకి పెంచి, చేతికి కూడా చంక దగ్గర అంతే పెంచి చూడండి. బస్సులో పైన రాడ్ పట్టుకున్నట్టు చెయ్యి ఎత్తండి, అంచు అంగుళం కంటే ఎక్కువ లేవకపోతే చాలు. సీటు దగ్గర పట్టేస్తే దానికి ఇంత ఆలోచన అక్కర్లేదు, నడుము నుంచి కిందికి ఏటవాలుగా పెంచండి లేదా సైడ్ కట్స్ పెట్టండి.

ఇక అసలు గుడ్డ. పట్టు అంటే అన్నీ ఒకలా పడవు. క్రేప్ సిల్క్ అయితే ఎనిమిది, పదంగుళాల లూజు ఉన్నా జాలువారి సన్నగానే కనిపిస్తుంది. పోచంపల్లి పట్టు కాస్త బిర్రుగా ఉంటుంది, అంత లూజు పెడితే డబ్బాలా నిలబడి మనిషిని రెట్టింపు చేసి చూపిస్తుంది. నాలుగైదు అంగుళాలు చాలు. చిన్న సైజు తీసుకోమన్నది ఇందుకు కూడా కలిసొస్తుంది. అలాగని ఒంటికి బిగుతుగా కుట్టొద్దు, పాత పట్టులో కుట్టు దగ్గర లాగుడు పడితే పోగులు పక్కకి జరిగిపోయి సన్నటి జల్లెడలా కనిపిస్తుంది, ఆ తర్వాత చిరుగుతుంది.

కత్తిరించే ముందు చీరని కిటికీకి అడ్డంగా పట్టుకుని వెలుతురులో చూడండి. ఏళ్ల తరబడి ఒకే మడత మీద ఉన్న చోట పట్టు చిట్లి ఉంటుంది, జరీ ఉంటే ఇంకా ముందు. గోళ్లతో మెల్లగా లాగి చూసి, బలహీనంగా ఉన్న చోట్ల కచ్చా కుట్టుతో గుర్తు పెట్టుకోండి. కుంకుడు రసంలో ఒకసారి ముంచి ఉతికాకే కత్తిరించండి, దానికి ముందు మూల ఒకచోట తడి తెల్ల గుడ్డతో అద్దితే రంగు దిగుతుందో లేదో తెలిసిపోతుంది. రంగు గట్టిగా దిగితే నీళ్లలో పెట్టకుండా డ్రైక్లీనింగ్‌కి ఇవ్వడమే మంచిది. ఇస్త్రీ తిరగేసి, తక్కువ వేడిలో, పైన పల్చటి కాటన్ గుడ్డ వేసి చెయ్యండి. నీళ్లు చిలకరించొద్దు, మరకలు పడతాయి.

ప్యాటర్న్ ఎటు పరచాలన్నది మీరు కూర్చుని ఆలోచించాల్సిన విషయం. చీర అంచు టాప్ కింద రావాలంటే ప్యాటర్న్‌ని చీర వెడల్పు దిశలో పెట్టాలి, అంటే పడుగు (చీర పొడవునా ఉండే) పోగులు ఒంటి చుట్టూ అడ్డంగా తిరుగుతాయి, పేక (అడ్డ పోగులు) నిలువుగా వస్తుంది. బిర్రైన పట్టుకి పర్వాలేదు కానీ వేలాడే తీరు కొంచెం మారుతుంది. అంచు అక్కర్లేదు అనుకుంటే ఎప్పటిలా పడుగు నిలువుగా పెట్టండి. మామూలు పొడవు టాప్‌కి రెండున్నర మీటర్లు దాటదు, ఐదున్నర మీటర్ల చీరలో బలహీనమైన చోట్లు తప్పించుకోవడానికి బోలెడు గుడ్డ ఉంటుంది. డిజైన్ మధ్య గీత ముందు భాగం నడిమికి రావాలి, అది ఒక్కటీ పట్టుకోండి. పక్కల్లో కలవకపోయినా ఫర్వాలేదు, నేయకముందే పోగులకి రంగు అద్దుతారు కాబట్టి డిజైన్ అంచులు ఎలాగూ చెదిరినట్టే ఉంటాయి. ఇంకో సుఖం, ఈ గుడ్డకి ముందూ వెనకా దాదాపు ఒకేలా ఉంటుంది, కంగారులో రెండు చేతులూ ఒకవైపువే కత్తిరించినా ఒకటి తిరగేస్తే సరి.

మడత పెట్టి కత్తిరించొద్దు. ఒక్క పొర పరచి, కింద పాత కాటన్ దుప్పటి వేస్తే పట్టు జారదు. గుండుసూదులు మార్జిన్ (కుట్టుకి అవతల వదిలే గుడ్డ) లోపలే గుచ్చండి, బయట గుచ్చితే చిల్లులు అలాగే ఉండిపోతాయి. మెడ కత్తిరించిన వెంటనే, దాన్ని అటూ ఇటూ కదపకుండా, అంచుకి దగ్గరగా ఒక వరుస కుట్టు వేసెయ్యండి, లేకపోతే సాగి ఊరుకుంటుంది.

మిషన్‌లో మనం రోజూ వాడే 14 నంబరు సూది తీసేసి కొత్త 11 పెట్టండి, బాగా పల్చటిదైతే 9. కుట్టు మొదలుపెట్టేటప్పుడు గుడ్డని కిందికి లాగేసుకుంటుంటే అడుగున న్యూస్‌పేపర్ ముక్క పెట్టి కుట్టి తర్వాత చింపేయండి. ఈ విషయంలో పాత నల్ల కాలు మిషనే నయం, దాని ప్లేటుకి ఒక్క సూది పట్టేంత రంధ్రమే ఉంటుంది. జిగ్‌జాగ్ వేసే కొత్త మిషన్లకి రంధ్రం వెడల్పు, పట్టుని అవే మింగుతాయి.

పక్కలకి ఫ్రెంచ్ సీమ్ (పోగులు లోపల దాగేలా రెండుసార్లు వేసే కుట్టు) వేస్తే ఓవర్‌లాక్ అక్కర్లేదు. విదేశీ ప్యాటర్న్‌లలో చాలావాటికి 5/8 అంగుళం మార్జిన్ ఇస్తారు, మీ దాంట్లో కూడా అంతే ఉంటే లెక్క తేలిక: తిరగవైపులు కలిపి పావంగుళంలో మొదటి కుట్టు, అంచు సగానికి కత్తిరించి, తిప్పి ఇస్త్రీ చేసి, 3/8 లో రెండో కుట్టు. పోగులన్నీ లోపలే ఉండిపోతాయి. తర్వాత విప్పి లూజు చేసుకునే వీలుండదు, పట్టు మీద విప్పినా సూది గీత కనిపిస్తుంది కాబట్టి అది ఎలాగూ లేదనుకోండి. మెడకి అదే గుడ్డతో ఏటవాలుగా కత్తిరించిన క్రాస్ పట్టీ వేసి చేత్తో హెమ్మింగ్ చెయ్యండి. లైనింగ్ మెత్తటి కాటన్‌ది, మెడ దగ్గరా చంకల దగ్గరా కలిపి కింద విడిగా వదిలేయండి. పట్టుని చంకల దగ్గర తినేసేది చెమటే, లైనింగ్ ముందు దాని కోసం.

టైలర్‌కి ఇవ్వాలా అన్నారు కదా. కుట్టడం వరకూ ఇవ్వండి, తప్పేం లేదు, కానీ కొలతలు తీసుకోనివ్వొద్దు. వాళ్లు చాతీ, నడుము పట్టుకుని జాకెట్ లెక్కలో ఫిట్టింగ్ చేసేస్తారు, మీరు లూజు లూజు అని ఎన్నిసార్లు చెప్పినా సరే. మీరు దిద్దిన కాటన్ ట్రయల్‌నే కుట్లు విప్పి, ఇస్త్రీ చేసి, ముందు ఏదో వెనక ఏదో పెన్నుతో రాసి, మార్జిన్ ఎంతో కూడా దాని మీదే రాసి చేతిలో పెట్టండి. దాన్ని గుడ్డ మీద పెట్టి గీసుకుని కత్తిరించమనండి. వీలైతే ఆ కత్తిరింపు మీ ఎదురుగా జరిగేలా చూసుకోండి, డిజైన్ మధ్య గీత ఎక్కడ రావాలో అప్పుడే వేలు పెట్టి చూపించొచ్చు.